ఆనందంగా ఇవ్వడం, 3వ పాఠం: ఇచ్చాక మనసు ఏం చేస్తుంది?

రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు అందిన మూడు మేళ్లను రాసుకోవడం గత పాఠంలో మొదలుపెట్టారు. ఆ నోట్‌బుక్‌నే ఈ వారమూ వాడతాం. వారంలో నాలుగు రోజులు రాసి ఉంటే ముందుకు రండి. అంతకన్నా తక్కువైతే ఇంకో వారం అక్కడే ఆగండి. తనకు ఏం అందిందో కనబడనివారు ఇవ్వడం మొదలుపెడితే, ఇచ్చిందంతా నష్టం కిందే రాసుకుంటారు.

ఇవ్వకముందు సంతోషం, ఇస్తున్నప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి: దాత మనసుకు ఈ మూడూ ఉండాలని బుద్ధుడు చెప్పినట్టు బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయంలో ఉంది. మొదటి రెండూ చాలామందికి త్వరగానే పట్టుబడతాయి. తడబడేది మూడోదాని దగ్గర. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే.

ముందు ఎంపిక. ఉదయం ఒక్క నిమిషం చాలు. ‘ఇవాళ ఎవరికైనా సాయం చేస్తాను’ అనుకుంటే సాయంత్రానికి అది జరగదు. ఎప్పుడు, ఎవరికి, ఏమిటి అన్న మూడూ తేల్చుకోండి: ‘మధ్యాహ్నం భోంచేశాక ఫలానావారికి ఫోన్ చేసి, పది నిమిషాలు వాళ్లు చెప్పేది వింటాను.’ డబ్బే కానక్కర్లేదు. సమయం, ఒక పని, ఒక మంచిమాట, ఏదైనా సరే. కొలతకు ఒకటే పరీక్ష: ఇంతే మళ్లీ వచ్చే వారం కూడా ఇవ్వగలరా? లేదనిపిస్తే సగం చేయండి. అప్పు చేసి, నిద్ర మానుకుని, ఇంట్లోవాళ్లకు చెందాల్సింది తీసి ఇవ్వకండి. అలా ఇచ్చింది మూడో ఘట్టంలో తప్పకుండా బాధపెడుతుంది.

ఇచ్చేటప్పుడు శ్రద్ధ ఉండాలని, అశ్రద్ధగా ఇవ్వకూడదని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి చెబుతుంది. సిగ్గుతో, అంటే అణకువతో ఇవ్వమని కూడా అక్కడే ఉంది. ఆచరణలో దీని అర్థం: చేతిలో ఫోన్ ఉండకూడదు, ఎదుటివారిని పేరుతో పలకరించాలి, ఇచ్చాక అక్కడే నిలబడిపోకూడదు. ‘జాగ్రత్తగా ఖర్చు పెట్టుకో’ లాంటి సలహా అడిగితే తప్ప వద్దు. వినడమే మీరిచ్చేదైతే, మధ్యలో ‘నాకూ ఇలాగే అయింది’ అని అందుకోకండి. ఆ మాటతో సంభాషణ మీ వైపు తిరిగిపోతుంది.

ఇక మూడోది. ఇచ్చి ఇంటికొచ్చి ఒంటరిగా కూర్చున్నాక మనసు మాట్లాడడం మొదలుపెడుతుంది. ‘థాంక్స్ అయినా చెప్పలేదే.’ ‘మరీ ఎక్కువ ఇచ్చానేమో.’ ‘రేపు నాకు అవసరమొస్తే వీళ్లు నిలబడతారా?’ ఈ ఆలోచనలు వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవాళ్లు కారు. భగవద్గీత 17వ అధ్యాయం, 20, 21 శ్లోకాలు సాత్త్విక దానాన్ని, రాజస దానాన్ని విడదీసేది సరిగ్గా ఇక్కడే. ప్రత్యుపకారం ఆశించో, మనసు కష్టపెట్టుకునో ఇచ్చింది రాజసం. అంటే ఈ చిక్కు మనుషులందరిదీ.

అలాంటి ఆలోచన వచ్చినప్పుడు దాన్ని తోసెయ్యకండి, దానితో వాదించకండి. పేరు పెట్టి నోట్‌బుక్‌లో ఒక్క వరుస రాయండి: లెక్క, పశ్చాత్తాపం, ఎదురుచూపు. చాలావరకు ఈ మూడింట్లో ఏదో ఒకటవుతుంది. తరవాత కళ్లు మూసుకుని, మీరు ఇచ్చినదానివల్ల ఎదుటివారికి ఏది తేలికైందో మూడు శ్వాసల సేపు తలుచుకోండి. అక్కడితో ఆపేయండి. ‘వాడావా, పనికొచ్చిందా’ అని అడగడానికి ఫోన్ చేయొద్దు. డబ్బు చేరిందో లేదో కనుక్కోవడం వేరు, అది చేయొచ్చు.

పశ్చాత్తాపం మూడు రోజులు దాటినా పోకపోతే ఇచ్చిన మోతాదు ఎక్కువైందేమో చూడండి, ఈసారి తగ్గించండి. మోతాదు సరిగానే ఉండి, ఒకే మనిషి విషయంలో పదేపదే కష్టంగా ఉంటే ఆ మనసు చెప్పేది వినాలి. మీ మంచితనాన్ని వాడుకుంటున్నవారికి కాదని చెప్పడం పిసినారితనం కాదు.

ఈ వారం ఇలా సాగించండి. మొదటి నాలుగు రోజులు రోజుకొకటి. ఐదో రోజు ఒక్కరోజులోనే చిన్నచిన్నవి ఐదు. దీనికి ఆధారం ఉంది: సోంజా ల్యుబొమిర్‌స్కీ, మరో ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించిన వ్యాసంలో, ఆరు వారాలపాటు వారానికి ఐదు మంచిపనులు చేసిన విద్యార్థుల్లో అన్నీ ఒకేరోజు చేసినవారికే సంతోషం స్పష్టంగా పెరిగింది. చిన్న పనులు వారమంతా చెదిరిపోతే రోజువారీ పనుల్లో కలిసిపోయి ఉంటాయని వాళ్ల ఊహ. ఐదూ ఐదు రకాలుగా ఉండేట్టు చూసుకోండి.

ఆరు, ఏడు రోజుల్లో ఏమీ ఇవ్వకండి, తీసుకోండి. ఎవరైనా సాయం చేస్తామంటే ‘అబ్బే, వద్దులెండి’ అనకుండా ఒప్పుకోండి. వెంటనే బదులు తీర్చేయాలని తొందరపడకండి. ఈ రెండు రోజులే కష్టంగా అనిపించేవారు చాలామంది ఉంటారు. ఎప్పుడూ ఇచ్చేవైపే ఉండడం అలవాటైనవారికి మరీను. ఆ ఇబ్బందినీ ఒక వరుసలో రాయండి.

నాలుగో పాఠం ఆశ గురించి. ఈ వారం ‘ఎదురుచూపు’ అని రాసుకున్న వరుసల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంచండి, కొట్టేయకండి. అవతలివారి నుంచి మనం ఏం కోరుకుంటున్నామో వాటిలోనే కనబడుతుంది. వచ్చే పాఠం మొదలయ్యేది ఆ వరుసలతోనే.