పాత ఆడియో ఐసీలు: ఏది పీకాలి, ఏది వదిలేయాలి, రేటు ఎలా కట్టాలి

ముందే చెప్తున్నా, పాత ఆంప్లిఫయర్లు, టేప్‌రికార్డర్ల బోర్డుల మీద కనపడే ఐసీల్లో చాలా మటుకు దమ్మిడీకి కొరగావు. మన ఇళ్లలో అటక మీంచి దిగేవి ఎక్కువగా 4440, టీబీఏ810, టీడీఏ2030, 4558 లాంటివే. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీకి వెళ్తే ఈ రకం ఐసీలు కొత్తవే చవగ్గా దొరుకుతుంటే మీరు పీకిన పాతది ఎవరు కొంటారు? వాటి కోసం సోల్డరింగ్ ఐరన్ వేడి చేయడం కరెంటు దండగ. పాత ఐసీకి రేటు రావాలంటే కంపెనీ దాని తయారీ ఆపేసి ఉండాలి, అలాంటిదే ఇంకోటి మార్కెట్లో దొరకకూడదు, పైగా ఆ ఐసీ సౌండే కావాలని పట్టుబట్టే జనం ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడే డబ్బు.

అలా కలిసిన వాటిలో మన దగ్గర దొరికే అవకాశం ఉన్నది ఫిలిప్స్ టీడీఏ1541ఏ. 1980ల చివర, 90ల మొదట్లో వచ్చిన కొన్ని ఫిలిప్స్, మరాంట్జ్ సీడీ ప్లేయర్లలో ఉంటుంది, 28 కాళ్లు, 16 బిట్ల డాక్, అంటే సీడీలోని అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చే ఐసీ. మూత తీయగానే నంబరు చివరిదాకా చదవండి. ఏమీ లేని మామూలు 1541ఏ ఒక రేటు, ఎస్1 అని ఉండి ఒక కిరీటం గుర్తుంటే అంతకు చాలా ఎక్కువ, రెండు కిరీటాల ఎస్2 అయితే ఇంకా పైన. డిజైన్ ఒకటే, కాకపోతే సన్నటి సిగ్నల్స్ దగ్గర తక్కువ తప్పు చేసేవాటిని ఫ్యాక్టరీలో కొలిచి ఏరి గుర్తేశారు. ఇదే కాలపు టీడీఏ1543 పేరు చూసి సంబరపడకండి, అది ఎనిమిది కాళ్ల చవక రకం.

అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ఉండే మనవాళ్లు చూడాల్సింది కొమొడోర్ 64 అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్. అందులో సౌండ్ ఐసీ 6581, తర్వాతి మోడళ్లలో 8580. రెండింటికీ ‘సిడ్’ అనే పేరు. చెడిపోతే కొత్తది తయారు చేసేవాళ్లు లేరు, బదులుగా వచ్చిన ఆధునిక బోర్డులు ఉన్నా అసలుదే కావాలనేవాళ్లు తగ్గలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 6581కి 12 వోల్టులు, 8580కి 9 వోల్టులు. టెస్టు చేద్దామని 8580ని 12 వోల్టుల బోర్డులో గుచ్చారో, అమ్మాల్సిన సరుకు మీ చేతుల్లోనే పోతుంది.

అయితే ఈ రేట్లు శాశ్వతం కాదు. సింథసైజర్లలో, అంటే ఎలక్ట్రానిక్‌గా సౌండ్లు పుట్టించే సంగీత వాయిద్యాల్లో వాడే సీఈఎమ్3340కి ఒకప్పుడు విపరీతమైన గిరాకీ ఉండేది, 2016లో దాన్ని మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టాక ఆ తహతహ తగ్గింది. అందుకని పీకే ముందు ‘ఇది మళ్లీ వస్తోందా’ అని ఓసారి వెతకండి.

సెట్టు పాడుతుంటే మాత్రం దాన్ని ముట్టుకోకండి. నడిచే మంచి మరాంట్జ్ ప్లేయర్‌కి చాలాసార్లు లోపలి ఐసీ కంటే ఎక్కువే వస్తుంది. లెన్సు పోయి, మోటారు పోయి, బాగుచేయలేని స్థితిలో ఉన్నవే పీకడానికి పనికొస్తాయి. అవి కూడా వీలైతే ఐసీ బోర్డు మీద ఉండగానే టెస్టు చేసి, ఐసీ నంబరు కనపడేలా వీడియో తీసుకోండి. సిడ్ అయితే మూడు వాయిస్‌లూ (ఒకేసారి పలికే మూడు స్వరాలు) విడివిడిగా, సౌండ్ స్వభావాన్ని మార్చే ఫిల్టర్‌తో సహా వినిపించాలి, ఎందుకంటే మోత వస్తూనే ఫిల్టర్ చచ్చిపోయిన సిడ్‌లు బోలెడు.

పీకేటప్పుడు చాలామంది తొందరపడతారు. ముందు ప్రతి కాలు దగ్గరా కొంచెం కొత్త, సీసం (లెడ్) కలిసిన సోల్డర్ వేయండి, పాతది దాంతో కలిసి తేలిగ్గా కరుగుతుంది, అప్పుడు కరిగిన సోల్డర్‌ని పీల్చే సక్కర్‌తో లాగండి. కాలు రంధ్రంలో అటూఇటూ ఆడేదాకా స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపొద్దు. ఒక కాలు బోర్డుకి అతుక్కుని ఉండగా లేపితే అది ఐసీ ఒంటి దగ్గరే తెగుతుంది, 28లో ఒకటి తెగినా రేటు సగానికి పైగా పోయినట్టే. కిటికీ తీసి పెట్టుకోండి, పొగ మంచిది కాదు.

బయటికొచ్చాక థర్మకోల్ ముక్కలో గుచ్చకండి. మన షాపుల్లో ఈ అలవాటు బాగా ఉంది. థర్మకోల్ స్టాటిక్ కరెంటు పుట్టిస్తుంది, సిడ్ లాంటివి దాంతోనే పోతాయి. నల్లటి యాంటీస్టాటిక్ ఫోమ్ వాడండి, దొరక్కపోతే థర్మకోల్ మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి, కాళ్లన్నీ ఫాయిల్‌కి తగిలేలా గుచ్చండి.

ఇక రేటు. ఈబేలో జనం అడుగుతున్న ధర చూసి మురిసిపోవద్దు, ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టి నిజంగా అమ్ముడుపోయినవే చూడండి. అందులోనూ టెస్టు చేసినవి, చేయనివి వేరువేరుగా లెక్కేసుకోండి. కొనేవాళ్లకి డూప్లికేట్ల భయం చాలా ఎక్కువ, దానికి కారణం ఉంది: మామూలు ఐసీ పైభాగం గీకి, నల్లరంగు పూసి, కిరీటాలు ముద్రించి అమ్మే బ్యాచ్ ఒకటుంది. అలాంటి వాటి మీద ఒకటో కాలు దగ్గరి గుంట సగం పూడిపోయి కనిపిస్తుంది, మూల మీద అసిటోన్ దూది రుద్దితే నలుపు ఊడి వస్తుంది. కాబట్టి మీ ఫొటోల్లో ఆ గుంట, అక్షరాలు, డేట్ కోడ్ (తయారైన కాలం చెప్పే అంకెలు), అడుగు భాగం దగ్గరగా కనపడాలి, ఐసీ ఇంకా బోర్డు మీద ఉన్నప్పటి ఫొటో కూడా జత చేయాలి. ఈ ఒక్క ఫొటో ఉంటే బేరం సగం తెగినట్టే.

చివరగా పార్సెల్ కట్టే ముందు అడుగున చిన్న పెయింట్ చుక్క పెట్టి ఫొటో తీసుకోండి. మంచిది ఉంచేసుకుని, తన దగ్గరున్న చచ్చిన ఐసీని ‘పనిచేయట్లేదు’ అంటూ వెనక్కి పంపే కొనుగోలుదారులు ఉంటారు.