కారులో ట్యాబ్లెట్ బిగించే ముందు ఇవి చూసుకోండి

అన్నిటికంటే ముందు చోటు. డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉన్నచోట స్టాండు అస్సలు వద్దు, బ్యాగు విచ్చుకుంటే ట్యాబ్లెట్ నేరుగా ముఖం మీదికే వస్తుంది. బిగించాక డ్రైవర్ సీట్లో కూర్చుని రోడ్డు, సైడు అద్దాలు, హజార్డ్ బటన్ అడ్డం లేకుండా కనిపిస్తున్నాయో లేదో చూడండి.

వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, మ్యాప్ కోసమైతే సిమ్ మోడలే తీసుకోవాలి.

ఎండ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఐప్యాడ్ వాడకానికి ఆపిల్ చెప్పిన గరిష్ఠ వేడి 35 డిగ్రీలు, ఆపేసి ఉంచినా 45, మరి మే నెలలో విజయవాడలో బయటే 40 దాటుతుంటే అద్దాలు మూసిన కారులో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. పార్క్ చేసిన ప్రతిసారీ తీసి వెంట తీసుకెళ్లండి. స్క్రీన్ అంచు లేచినట్టు, వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ పాడైనట్టే, ఇక ఛార్జింగ్ పెట్టకండి.

కారులోని మామూలు యూఎస్‌బీ పోర్టు చాలాసార్లు సరిపోదు, మ్యాప్ నడుస్తుంటే ఛార్జింగ్ ఎక్కకపోగా తగ్గుతుంది. 12 వోల్టుల సాకెట్‌కి మంచి ఛార్జర్ కొనండి, కేబుల్ గేరుకీ పెడల్స్‌కీ తగలకుండా క్లిప్పులు వేయండి.

వెళ్లాల్సిన చోటు బండి కదలకముందే టైప్ చేయండి. నడిపేవాళ్లకి కనిపించేలా వీడియోలు మాత్రం వద్దు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.