పాలీకార్బొనేట్ షీటుపై ఒకేసారి పలు పూతలను పరీక్షించే ముందు జాగ్రత్తలు

పాలీకార్బొనేట్ (గట్టి, పారదర్శక ప్లాస్టిక్) షీటు ఒక్కదానిపైనే 8 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలుగా 96 గడులలో వేర్వేరు రక్షణ పూతలను వేసి పోల్చేటప్పుడు, షీటును శుభ్రపరచడంలో జరిగిన ఒక్క పొరపాటు గడులన్నింటికీ పాకుతుంది కనుక పూతలు వేసే యంత్రాన్ని నడపడానికి ముందే వీటిని సరిచూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు ద్రావకం సంగతి. అసిటోన్ వంటివి పాలీకార్బొనేట్‌ను తెల్లబరచి పగుళ్లు తెస్తాయి. ప్రతి ద్రావకాన్నీ విడి ముక్కపై చుక్కగా వేసి, ఆ ముక్కను కొద్దిగా వంచి బిగించి, కాసేపయ్యాక వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. ఒత్తిడిలో ఉన్న ముక్కపైనే సన్నని వెంట్రుక పగుళ్లు త్వరగా బయటపడతాయి, బల్లపై చదునుగా ఉంచిన ముక్క మాత్రం మనల్ని మోసగిస్తుంది.

పాలీకార్బొనేట్ సుమారు 147 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది కాబట్టి పూతలను ఆరబెట్టే ఓవెన్ వేడిని అంతకు బాగా దిగువనే ఉంచాలి.

అతినీలలోహిత కాంతితో గట్టిపడే అక్రిలేట్ (ఒక రకం రెసిన్) పూతల పైపొరను గాలిలోని ఆక్సిజన్ జిగటగా వదిలేస్తుంది. చిన్న గడులలోని పలుచని పూతల్లో ఈ బెడద మరీ ఎక్కువ కనుక ఆ ఆక్సిజన్‌ను తోసేసే నైట్రోజన్ ప్రవాహాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి.

పోలిక కోసం ఉంచే గుణం తెలిసిన పూతను, పూత లేని గడిని ఒక మూలకే పరిమితం చేయక షీటంతటా చెదరగొట్టాలి. ఎందుకంటే అంచు గడులు మిగతావాటికన్నా త్వరగా ఆరుతాయి. రాపిడి పరీక్షకు ముందే ప్రతి గడి మసకను, మందాన్ని కొలిచి రాసుకోవాలి.

అక్రిలేట్‌లు చర్మానికి అలర్జీ తెస్తాయి. నైట్రైల్ చేతి తొడుగులు తడిసిన వెంటనే మార్చాలి.