వడ్ల దుమ్ము, కొయ్యకాళ్ల పొగ: ముక్కు అలర్జీ ఉన్న పెద్దలు సీజన్‌కు ముందే చేయాల్సినవి

పొద్దున లేవగానే వరసగా పది తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్లల్లో అంగిట్లో దురద. జ్వరం ఉండదు, ఒళ్లు నొప్పులు ఉండవు. దీన్ని మన దగ్గర సర్ది అనే అంటారు, సర్ది గోళీలే వేసుకుంటారు. కానీ సర్ది వారం పది రోజుల్లో పోతుంది, పైగా దాంట్లో దురద పెద్దగా ఉండదు. దురద ఉండి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే అలర్జీ అని అనుమానించాలి.

అయితే పొగకు అలర్జీ ఉండదు. అలర్జీ పుట్టించేది పుప్పొడి, బూజు, పరుపులో ఉండే కంటికి కనపడని ధూళి పురుగులు. పొగ చేసే పని వేరు. డీజిల్ పొగలోని సన్నటి కణాలు, ఎండాకాలం మధ్యాహ్నం పెరిగే ఓజోన్ వాయువు ముక్కు లోపలి పొరను వాచేలా చేస్తాయి. వాచిన పొరలోకి పుప్పొడి సులువుగా దిగుతుంది, అలర్జీ స్పందన కూడా పెద్దదవుతుంది. అందుకే మామూలు రోజుల్లో ఏమీ చేయని పుప్పొడే పొగ రోజుల్లో మనిషిని కూర్చోనివ్వదు. పుప్పొడిని ఎలాగూ ఆపలేం. పొగ, దుమ్ము ఎప్పుడు పెరుగుతాయో మాత్రం ముందే తెలుసు కాబట్టి, తుమ్ములు మొదలయ్యాక కాదు, రెండు వారాల ముందే మందు మొదలుపెట్టాలి.

మన దగ్గరి క్యాలెండర్

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు ఏడాదిలో రెండు గడ్డు కాలాలు. ఒకటి అక్టోబర్ చివరి నుంచి జనవరి దాకా. వానాకాలం వరి కోతలు, రోడ్ల మీద వడ్ల ఆరబోత, కొయ్యకాళ్లకు నిప్పు, జిన్నింగ్ మిల్లుల పత్తి నూగు, అన్నీ ఒకేసారి వస్తాయి. దానికి తోడు చలి. రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు, పొగ కిందనే కూర్చుంటుంది. తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా పీల్చేది ఆ పొగనే. ఈ మూడు నెలలు వాకింగ్‌ను ఎండ బాగా ఎక్కాక, తొమ్మిది తర్వాతకు మార్చుకోండి.

రెండోది ఏప్రిల్, మే. యాసంగి కోతలు, మళ్లీ కొయ్యకాళ్ల పొగ, వడగాలి లేపే దుబ్బ, మధ్యాహ్నపు ఓజోన్. ఈ కాలంలో బయటి పని పొద్దున్నే ముగించడం మేలు. అంటే చలికాలపు నియమానికి సరిగ్గా తిరగబడ్డది.

వానల తర్వాత వయ్యారిభామ, గడ్డి పూత, గోడల బూజు వేరే సంగతి. రామగుండం, గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు దుమ్ము, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దుమ్ము ఏడాది పొడుగునా ఉండేవే.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర వచ్చే తుమ్ములను అలర్జీ లెక్కలో వేయకండి. అది మిర్చి ఘాటుకు ముక్కు నరాలు మండడం. అక్కణ్నుంచి బయటికి వచ్చిన గంటలో తగ్గుతుంది, అలర్జీ గోళీతో పెద్దగా లాభం ఉండదు. అలాగే బతుకమ్మ పూలను తిట్టుకోవడమూ అన్యాయమే. తంగేడు, బంతి పుప్పొడి బరువైనది, దాన్ని మోసేది పురుగులు. గాలిలో కొట్టుకొచ్చేది గడ్డి, కలుపు మొక్కల పుప్పొడి.

ముందు రెండు వారాలు రాసుకోండి

చిన్న నోట్‌బుక్ చాలు. రోజూ రాత్రి ముక్కు బాధకు సున్నా నుంచి పది దాకా మార్కు వేసి, పక్కన ఎక్కడ తిరిగారో, ఏ పూట ఎక్కువైందో రాయండి. ఐదు దాటే రోజులు ఎక్కువగా ఉంటే వాడుతున్న మందు సరిపోవడం లేదని అర్థం. పక్క మీద నుంచి లేచే ముందే తుమ్ములు వస్తే బయటి గాలి కన్నా పరుపును అనుమానించాలి. బండి మీద హన్మకొండ చౌరస్తాల్లో తిరిగిన రోజే పెరిగితే పొగ.

కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలి నాణ్యత అంకె చూడొచ్చు. 100 లోపు పర్వాలేదు. 101 నుంచి 200 మధ్యస్తం అంటారు గాని, అలర్జీ ముక్కుకు బాధ అక్కడే మొదలు కావచ్చు. 200 దాటితే మాస్కు లేకుండా బయటికి వద్దు. ఒక మెలిక ఉంది. దుమ్ము కణాల అంకె 24 గంటల సగటు. సాయంత్రం మీ ఊరి పక్క పొలంలో పెట్టిన మంట దాంట్లో వెంటనే కనపడదు. పుప్పొడి అసలే లెక్కలోకి రాదు. అంకె బాగుందని యాప్ చెప్పినా వాసన వస్తే వాసననే నమ్మండి.

ఉప్పునీళ్లతో ముక్కు కడగడం

ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇదే. అర లీటరు నీళ్లను కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లారనివ్వండి. ముప్పావు టీస్పూన్ ఉప్పు, అంటే నాలుగున్నర గ్రాములు, పావు టీస్పూన్ వంట సోడా కలపండి. అయోడిన్ లేని ఉప్పు మంచిది, సైంధవ లవణం పొడి దొరికితే చాలు. ఇది ఒక మనిషికి ఒక రోజుకు సరిపోతుంది. మిగిలితే పారబోయండి.

బోరు నీళ్లు, నల్లా నీళ్లు, క్యాన్ నీళ్లు ఏవైనా సరే కాచకుండా ముక్కులోకి పోయొద్దు. తాగితే ఏమీ చేయని అమీబా ఒకటి ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం తీస్తుంది. అరుదే, కానీ ఒక నిమిషం కాచితే పోయే ప్రమాదం.

సింక్ మీదికి వంగి, తల ఒక పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ, ముక్కు కడిగే మెత్తటి సీసాతో పై రంధ్రంలోకి నెమ్మదిగా పోయండి. కింది రంధ్రం నుంచి వస్తుంది. మండితే ఉప్పు తగ్గిందనో ఎక్కువైందనో అర్థం. ఉత్త నీళ్లు కూడా మండుతాయి. చెవుల్లో ఒత్తిడి అనిపిస్తే సీసాను మరీ గట్టిగా నొక్కుతున్నారు. అయిపోయాక రెండు రంధ్రాలూ తెరిచి మెల్లగా చీదండి, ఒకటి మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవిలోకి పోతాయి. సీసాను రోజూ కడిగి బోర్లించి ఆరబెట్టాలి.

స్ప్రే: ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే

ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రేలు ఈ జబ్బుకు అన్నిటికన్నా బాగా పనిచేసే మందులు. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గాని, ముక్కులో కొట్టే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. నిజంగా భయపడాల్సింది ఊళ్లో వేయించుకునే వారాల పాటు పనిచేసే స్టెరాయిడ్ సూదికి. షుగర్, బీపీ పెరగడం, ఎముకలు బలహీనపడడం దాంతో వచ్చేవే.

డాక్టర్ రాసిచ్చాక వానాకాలం కోతల కోసం బతుకమ్మ రోజుల్లో, యాసంగి కోసం ఉగాది నాటికి సీసా తెరవండి. కొత్త సీసాను ఊపి, సన్నటి మంచులా వచ్చేదాకా గాలిలో కొట్టండి. ముక్కు కడిగిన పది నిమిషాల తర్వాత తల కొద్దిగా ముందుకు వంచి, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో పట్టుకోండి. అప్పుడు మొన దానంతట అదే చెవి వైపు తిరుగుతుంది. ముక్కు నడిమి గోడకు కొడితే అక్కడే పుండై రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగబీల్చితే మందు గొంతులోకి జారుతుంది, చేదు తగిలిందంటే జరిగింది అదే.

ఫ్లూటికాసోన్ సాధారణంగా పెద్దలకు ఒక్కో రంధ్రంలో రోజుకోసారి రెండు స్ప్రేలు. 120 స్ప్రేల సీసా 30 రోజులకు వస్తుంది. పూర్తి గుణం కనపడడానికి రెండు వారాలు పట్టొచ్చు. మూడు రోజులు వాడి లాభం లేదని పక్కన పడేయడం అతి సాధారణమైన తప్పు.

ముక్కు దిబ్బడకు ఇచ్చే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు వేరు. నిమిషాల్లో తెరుస్తాయి కాబట్టి అందరికీ ఇష్టం. మూడు నుంచి ఐదు రోజులు మించితే చుక్కలు లేకుండా ముక్కు తెరుచుకోని స్థితి రావచ్చు.

గోళీల్లో సెటిరిజిన్ కొందరికి నిద్ర తెస్తుంది, బండి నడిపేవాళ్లకు ఫెక్సోఫెనాడిన్ నయం. దాన్ని పండ్ల రసంతో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే మాంటెలుకాస్ట్ కలిసిన గోళీని మాత్రం సొంతంగా వాడొద్దు. నిద్ర చెడిపోవడం, దిగులు లాంటి మానసిక మార్పులు రావచ్చని అమెరికా మందుల సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది.

మాస్కు, కూలర్, చీపురు

దస్తీ, తువ్వాల పెద్ద దుబ్బను ఆపుతాయి గాని సన్నటి పొగ కణాలను ఆపవు. ఎన్95 ఆపుతుంది, అదీ అంచులు ముఖానికి అతుక్కుంటేనే. రెండు చేతులు మాస్కు మీద పెట్టి ఊదండి, కళ్ల వైపు గాలి తగిలితే ముక్కు మీది తీగ సరిచేయాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ఓజోన్ లాంటి వాయువులకు ఏ ఎన్95 కూడా అడ్డం కాదు. హార్వెస్టర్ దగ్గర, కొనుగోలు కేంద్రాల్లో హమాలీ పని చేసేవాళ్లు కళ్లద్దాలు కూడా పెట్టుకుంటే కళ్ల దురద తగ్గుతుంది.

ఎండాకాలంలో కూలర్ బయటి గాలినే లోపలికి తోస్తుంది, గడ్డి ప్యాడ్ పొగను వడగట్టదు. పక్క పొలంలో మంట ఉన్న సాయంత్రం కూలర్ ఆపి, కిటికీలు మూసి, ఫ్యాన్‌తో సరిపెట్టుకోండి. ప్యాడ్లను ఏటా మార్చకపోతే బూజు అదనం. ఇల్లు చీపురుతో ఊడిస్తే కూర్చున్న దుమ్మంతా లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఎయిర్ ప్యూరిఫయర్ కొనేవాళ్లు లెక్క చూసుకోవాలి: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదిలో గాలి దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలంటే డబ్బా మీద గంటకు 170 ఘనపు మీటర్లకు తగ్గకుండా రాసి ఉండాలి.

ఒక్క పక్కే ముక్కు మూసుకుపోవడం, రక్తం పడడం, వాసన తెలియకపోవడం ఉంటే ముక్కు, చెవి, గొంతు డాక్టర్‌కు చూపించండి. పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం ఉంటే ఆస్తమా పరీక్ష చేయించుకోవాలి, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో అది తరచూ కలిసి ఉంటుంది. దేనికి అలర్జీయో తేల్చే చర్మపు గాటు పరీక్షకు వెళ్లేముందు అలర్జీ గోళీలు సుమారు వారం ఆపాలి, లేకపోతే పరీక్ష ఏమీ చూపించదు. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఆపనక్కర్లేదు.