అక్షరం వెనక చెయ్యి – 4వ పాఠం: పాలటినో

పోయిన పాఠంలో టైమ్స్ న్యూ రోమన్ చూశాం కదా, 1932లో లండన్ పత్రిక కోసం పుట్టిన అక్షరం, తక్కువ చోటులో ఎక్కువ మాటలు ఇరికించడం దాని పని. ఇవాళ్టి పాలటినో అనే ఇంగ్లీషు ఫాంట్‌కి ఆ తొందర లేదు. విండోస్‌లో పాలటినో లైనోటైప్ అని, మ్యాక్‌లో ఉత్త పాలటినో అని ఉంటుంది. తెరిచి పెట్టుకోండి, కానీ ముందు రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు బ్యాండు తెచ్చుకోండి.

పెన్సిళ్లని పక్కపక్కన పెట్టి, మొనలు సమానంగా ఉండేలా చూసి, రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టండి. వెడల్పు పాళీ రెడీ. కాగితం మీద ఒక అడ్డగీత గీసి, ఎడమ మొన కింద, కుడి మొన కాస్త పైన ఉండేలా, అంటే గీతకి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టుకోండి. ఇప్పుడు ఇంగ్లీషు స్మాల్ ‘ఓ’ రాయండి. మణికట్టు తిప్పకూడదు, ఆ వాలు మొదటినుంచి చివరిదాకా అలాగే ఉండాలి. మొదటి పది ‘ఓ’లు కోడిగుడ్డులాగా వస్తాయి, నాకూ అలాగే వచ్చాయి, టెన్షన్ పడకండి.

పదకొండోదాన్ని గడియారం అనుకుని చూడండి. 11 దగ్గర, 5 దగ్గర రెండు గీతలూ దాదాపు కలిసిపోతాయి. 2 దగ్గర, 8 దగ్గర బాగా దూరమవుతాయి. కలిసినచోట సన్నం, దూరమైనచోట మందం, ఇది ఎవరో అందం కోసం దిద్దింది కాదు, పాళీ పట్టు నుంచి దానంతట అది వచ్చేసింది. (తాటాకు మీద ఘంటం మొనకి వెడల్పు ఉండదు, అందుకే దాంతో గీసిన మన ‘ఠ’ ఎటు తిరిగినా ఒకే మందం.)

ఇప్పుడు పాలటినోలో ‘ఓ’ టైప్ చేసి 300 పాయింట్లకి పెంచండి. మీ పెన్సిల్ ‘ఓ’ అంత కాకపోయినా, నిలువుగా కాకుండా ఎడమకి వాలిన అదే పట్టు కనిపిస్తుంది. తర్వాత క్యాపిటల్ ‘పి’ చూడండి. దాని పొట్ట కిందభాగం నిలువుగీతని తాకకుండా ఆగిపోతుంది, సన్నటి సందు. రాస్తూ రాస్తూ చెయ్యి అక్కడ పైకి లేచిందన్నమాట. నాకైతే ఈ ఫాంట్ మొత్తం ఆ సందులోనే ఉందనిపిస్తుంది.

దీన్ని గీసిన హెర్మన్ జాఫ్ 1918లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పుట్టాడు. 1935లో రుడాల్ఫ్ కోఖ్ అనే అక్షరకళాకారుడి ప్రదర్శన చూసి, పుస్తకాలు కొనుక్కుని, గురువు లేకుండా ఇంట్లో కూచుని అందమైన రాత నేర్చుకున్నాడు, అంటే మన బ్యాచే. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని స్టెంపెల్ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు పోతపోసే కంపెనీ) కోసం ఆయన గీసిన ఈ అక్షరాలని ఆగస్ట్ రోసెన్‌బెర్గర్ లోహంలో చెక్కాడు, 1950లో బయటికొచ్చాయి. పేరు మాత్రం 16వ శతాబ్దపు ఇటలీ లేఖకుడు జంబాటిస్టా పాలటినోది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో జర్మనీలో దొరికే కాగితం నాసిరకం, సిరా పాకితే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి, అందుకే జాఫ్ ఆ ఖాళీలు అంత విశాలంగా ఉంచాడు.

ఆ విశాలమే వాడకంలో మనకి లాభం, ఇబ్బంది కూడా. అసలు ఇది శీర్షికల కోసం అనుకున్న అక్షరం. పుస్తకం లోపలి పేజీలకి జాఫ్ 1954లో ఆల్డస్ అని తేలికైన, కొంచెం ఇరుకైన తోడుని విడిగా చేశాడు. లోకం అది పట్టించుకోకుండా పాలటినోతోనే పుస్తకాలు నింపేసిందనుకోండి. నింపొచ్చు, కానీ లెక్క చూసుకోవాలి. ఒకసారి ఒక సావనీర్‌లో ఇంగ్లీషు వ్యాసాలన్నీ టైమ్స్‌లో పేజీలు కట్టి, ప్రెస్‌కి పంపే ముందురోజు రాత్రి అందంగా ఉంటుందని పాలటినోకి మార్చాను, పాయింట్ సైజు అదే. పొద్దున చూస్తే ప్రతి వ్యాసం చివర నాలుగైదు లైన్లు పక్క పేజీలోకి జారిపోయాయి, ప్రకటనలన్నీ చెల్లాచెదురు. టైమ్స్ 12లో ఉన్నదాన్ని పాలటినో 11కి దించి, లైను నుంచి లైనుకి దూరం 15 పాయింట్లు ఇచ్చి ఉంటే చాలావరకు సరిపోయేది.

కాబట్టి వార్తాపత్రికలాంటి సన్నటి కాలమ్‌లో దీన్ని పెట్టకండి, మాటల మధ్య గోతులు పడతాయి. కవితలు, ఆహ్వానాలు, సర్టిఫికెట్లు, వెడల్పు మార్జిన్లున్న పుస్తకం, వీటికి హాయిగా ఉంటుంది.

ఇంకోటి, బుక్ యాంటిక్వా అనే ఫాంట్ చూసి ఇదీ అదేగా అనుకునేవాళ్లు చాలామంది. అది మోనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ పాలటినోని పోలి ఉండేలా చేసింది. ఈ అనుకరణల గొడవలోనే జాఫ్ 1993లో ఏటైప్‌ఐ అనే అంతర్జాతీయ అచ్చు అక్షరాల సంఘం నుంచి తప్పుకున్నాడు. పాలటినోలాంటిది ఉచితంగా కావాలంటే టెక్ గైర్ పజెల్లా అనే ఫాంట్ దించుకోండి, నేను ఎక్కువగా వాడేది అదే.

హోంవర్క్: అదే పెన్సిళ్ల జతతో ‘ఎన్’, ‘పి’, ‘ఎస్’ ఒక్కోటి ఇరవైసార్లు రాసి, పాలటినో ప్రింటవుట్ పక్కన పెట్టి, ఎక్కడ మీ మందం దాని మందంతో కలవలేదో ఎర్ర పెన్నుతో చుట్టండి. ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో ఇటాలిక్‌కి అదే కావాలి.