పండగ పార్టీకి మందు ఎలా ఎంచుకోవాలి? ముందు వంట చూడండి

డిసెంబర్ 31 రాత్రికో, దసరా మర్నాడో, పెళ్లిరోజుకో పదిమందిని భోజనానికి పిలుస్తాం. మటన్ ఎక్కడ తేవాలి, బిర్యానీ ఇంట్లో వండాలా, బయట చెప్పాలా అని ఇంటిల్లిపాదీ నాలుగు రోజుల ముందు నుంచే మాట్లాడుకుంటాం. మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సాయంత్రం ఆరింటికి వైన్స్ ముందు నిలబడి, కౌంటర్లో ఏది ఇస్తే అది పట్టుకొచ్చేస్తాం. వండేదీ పోసేదీ ఒకే బల్ల మీదికి వస్తాయి కాబట్టి రెండూ కలిపి ఆలోచించాలని నా గట్టి నమ్మకం. ధర, బ్రాండు ఆ తర్వాత చూసుకోవచ్చు.

1. తేదీ, వేళ, వచ్చేవాళ్లు

ముందు క్యాలెండర్ చూడండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2న షాపులు మూసేస్తారు. పోలింగుకు ముందు, ఓట్ల లెక్కింపు రోజున కూడా అంతే. హైదరాబాద్‌లో హోలీ, గణేశ్ నిమజ్జనం లాంటి రోజుల్లో పోలీసు కమిషనర్ ఆదేశాలతో బంద్ ఉంటుంది. 2025లో దసరా సరిగ్గా అక్టోబర్ 2నే వచ్చింది. దాంతో ముందు రోజే షాపుల ముందు జనం బారులు తీరారు. ఆ తొక్కిసలాటలో ఏదీ ఎంచుకోలేం, దొరికింది తెచ్చుకోవడమే. కాబట్టి మూడు నాలుగు రోజుల ముందే కొనండి.

తర్వాత ఎవరెవరు తాగుతారో అడిగి తెలుసుకోండి. ఆడవాళ్లకు బ్రీజర్, మగవాళ్లకు విస్కీ అని మీరే రాసేసుకోకండి. విస్కీ ఇష్టపడే వదినలూ ఉంటారు, చుక్క ముట్టని బావలూ ఉంటారు. మామగారి ముందు గ్లాసు పట్టుకోని అల్లుళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఎక్కువే. అలాంటి ఇంట్లో పెద్దవాళ్లకు కింద భోజనాలు, మిగతావాళ్లకు మేడ మీద కుర్చీలు వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. గృహప్రవేశం, వ్రతం ఉన్న రోజున మందు పెట్టుకోకండి, పార్టీ మరో రోజు ఇవ్వొచ్చు. క్రిస్మస్ అనగానే వైన్ తప్పనిసరి అనుకునేవాళ్లకు ఒక మాట: తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మద్యం అసలు ముట్టనివాళ్లు చాలామంది. అడగకుండా సీసా పట్టుకెళ్లకండి.

రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. ఇంట్లోనైనా ఆ గీత దాటకండి.

2. కారానికి, పులుపుకి ఏది నప్పుతుంది?

అసలు కథంతా ఇక్కడే ఉంది. వైన్ గురించి దొరికే సలహాల్లో చాలావరకు వెన్న, చీజ్, కాల్చిన మాంసం తినేవాళ్ల కోసం రాసినవి. మన బల్ల మీద కారం, చింతపండు, గోంగూర ఉంటాయి. ఆ లెక్కలు ఇక్కడ పనికిరావు.

మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే నరాలను రేపుతుంది. ఆల్కహాల్ కూడా ఆ నరాలనే రెచ్చగొడుతుంది. అందుకే నాటుకోడి వేపుడు తింటూ ఘాటైన విస్కీ గుటక వేస్తే మంట రెట్టింపైనట్టు ఉంటుంది. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే వగరు ఒకటి ఉంటుంది, దాన్నే టానిన్ అంటారు. కారానికి ఆ వగరు తోడైతే నాలుక గరుకుగా మారి, వైన్ రుచి చేదుకి తిరుగుతుంది. ఖరీదైన క్యాబర్నే సావిన్యోన్ తెచ్చి గుంటూరు కారం వేసిన కూరతో పోస్తే ఆ డబ్బు వృథా. కారం ఎక్కువైన కొద్దీ మందులో ఆల్కహాల్ తగ్గాలి, చల్లదనం పెరగాలి, కాస్త తీపి ఉంటే ఇంకా మంచిది.

పులుపుకి వేరే సూత్రం. తినేదాని కంటే తాగేది తక్కువ పుల్లగా ఉంటే చప్పగా అనిపిస్తుంది. చేపల పులుసు, గోంగూర మటన్ లాంటివాటికి పులుపున్న తెల్ల వైన్, అంటే సావిన్యోన్ బ్లాంక్ బాగుంటుంది. నాసిక్ నుంచి వచ్చే సులా, యార్క్ సీసాల్లో ఈ రకం దొరుకుతుంది.

దమ్ బిర్యానీకి నేనైతే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పెడతాను. పండు వాసన, కొంచెం తీపి ఉండి మసాలాతో పోట్లాడదు. బాగా చల్లార్చిన గులాబీ రంగు వైన్, అంటే రోజే (rosé) కూడా సరిపోతుంది. రెడ్ వైన్ కావాలని పట్టుబట్టేవాళ్లకు షిరాజ్ ఇవ్వండి. అందులో మిరియాల ఛాయ ఉంటుంది కాబట్టి, కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడు పక్కన బాగా కుదురుతుంది. సులాతో పాటు నంది హిల్స్ దగ్గరి గ్రోవర్ జంపా, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లోని ఫ్రాటెల్లీ కూడా మంచి షిరాజ్ చేస్తాయి. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా వడ్డించేటప్పుడు మామూలు వైన్ పుల్లగా తోస్తుంది. స్వీటు కంటే వైన్ తియ్యగా ఉండాలి. అందుకు లేట్ హార్వెస్ట్ అని రాసి ఉన్న చిన్న సీసా అడగండి. అది దొరక్కపోతే ముదురు రంగు రమ్ము కొద్దిగా చాలు.

బీరు విషయంలో ఎక్కువమంది స్ట్రాంగ్ కొంటారు. నా సలహా దానికి వ్యతిరేకం. భోజనంతో పాటు తాగడానికి ఆల్కహాల్ 5 శాతం లోపున్న మామూలు లాగర్ బీరో, గోధుమతో చేసిన వీట్ బీరో హాయిగా ఉంటుంది. అపోలో ఫిష్, చికెన్ 65 పక్కన చల్లటి వీట్ బీరు పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

విస్కీని భోజనం దగ్గర కాకుండా ముందు స్టఫ్‌తో పెట్టుకోవడమే మేలు. పల్లీలు, ఉడకబెట్టిన సెనగలు, కారం తక్కువగా కాల్చిన కబాబ్‌లు చేయండి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మొదటి పెగ్గు పోయకండి. రాత్రి పదకొండింటి దాకా భోజనం వడ్డించకుండా కూర్చోవడం మన పార్టీల్లో పెద్ద తప్పు. తొమ్మిదిన్నరకల్లా అన్నం బల్ల మీదికి రావాలి.

3. సీసా మీద ఏం చదవాలి?

విస్కీ లేబుల్‌లో ఒక్క వాక్యం చదివితే చాలా తెలుస్తుంది. స్కాచ్ అని రాయాలంటే స్కాట్లాండ్‌లో ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు మగ్గి ఉండాలి. 12 ఏళ్లు అని ఉంటే ఆ సీసాలో కలిసినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 అన్నమాట. కొన్ని స్కాచ్‌లు పీపాల్లో దిగుమతై ఇక్కడే సీసాల్లోకి ఎక్కుతాయి. వాటి మీద బాటిల్డ్ ఇన్ ఇండియా అని ఉంటుంది. అవీ స్కాచే, ధర మాత్రం తక్కువ. మామూలు ఇండియన్ విస్కీల్లో చాలావరకు ధాన్యం స్పిరిటో, చెరకు మొలాసిస్ స్పిరిటో ఉంటుంది, పైన కొంత మాల్ట్ విస్కీ, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసింది కలుపుతారు.

ప్రత్యేకంగా ఏదైనా కావాలంటే మన దేశపు సింగిల్ మాల్ట్‌ల వైపు, అంటే ఒకే డిస్టిలరీలో పూర్తిగా మాల్ట్‌తో చేసిన విస్కీల వైపు చూడండి. బెంగళూరు అమృత్ 2004లో గ్లాస్గోలో తన సింగిల్ మాల్ట్ విడుదల చేసింది. గోవాలో పాల్ జాన్, హర్యానాలో ఇంద్రి ఉన్నాయి. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం విస్కీ ఆవిరైపోతే, బెంగళూరు ఎండకు 10 శాతానికి పైగా పోతుంది. మగ్గడం కూడా ఇక్కడ త్వరగా జరుగుతుంది. అందుకే మన మాల్ట్ సీసాల మీద వయసు కనిపించకపోయినా తక్కువగా చూడక్కర్లేదు. ఇలాంటి విస్కీలో కోలా కలపకండి. నాలుగు చుక్కల నీళ్లు చాలు.

బీరు సీసా మీద తయారీ తేదీ తప్పకుండా చూడాలి. బీరు దాచుకునే సరుకు కాదు, ఎంత తాజాగా ఉంటే అంత బాగుంటుంది. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోంచి వెలుతురు లోపలికి వెళ్లి బీరుకి ఒక రకమైన కంపు పట్టిస్తుంది. షాపు ముందు ఎండ తగిలే అద్దాల అల్మరాలో ఉన్నది వద్దని, లోపలి నుంచి తీసి ఇమ్మనండి. వైన్‌కి ఎండ ఇంకా శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో కారు డిక్కీలో గంటల తరబడి ఉంచితే పాడైపోతుంది.

మూత సీలు, ఎక్సైజ్ లేబుల్ సరిగా ఉన్నాయో లేదో చూసి లైసెన్సున్న షాపులోనే కొనండి. బెల్టు షాపుల జోలికి పోకండి. గోవా నుంచో, యానాం నుంచో చవగ్గా వస్తుందని పర్మిట్ లేకుండా తెస్తే ఎక్సైజ్ వాళ్లు కేసు పెడతారు. విదేశాల నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకుంటే ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకు సుంకం లేదు. ఫంక్షన్ హాల్లో, ఫామ్‌హౌస్‌లో పార్టీ అయితే ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ ముందే తీసుకోండి. ఇంట్లోనైనా ఎంత ఉంచుకోవచ్చో పరిమితి ఉంటుంది. పేటీలు కొనాల్సి వస్తే ఎక్సైజ్ స్టేషన్‌లో అడగండి.

4. కల్లు సంగతి

బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోసే నేల మనది. ఊళ్లో సంక్రాంతి చేసుకునేవాళ్లకు కల్లు గుర్తుకు రాకుండా ఉండదు. చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరే కొద్దీ తాటికల్లు దొరుకుతాయి. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి మత్తు పెరుగుతుంది. ముందు రోజు తెచ్చి దాచడం కుదరదు. చెట్టెక్కి దించే గీత కార్మికుడు మీకు తెలిసినవాడైతేనే తెప్పించండి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కల్లు అతిథికి పోయడం కంటే మజ్జిగ ఇవ్వడం వెయ్యి రెట్లు నయం.

5. ఎంత కొనాలి?

750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్‌లో 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులు పన్నెండు వస్తాయి. అంతే సైజు వైన్ సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు.

పన్నెండు మంది వస్తున్నారు, నలుగురు తాగరు అనుకుందాం. మిగిలిన ఎనిమిది మందిలో నలుగురు విస్కీ, ఇద్దరు వైన్, ఇద్దరు బీరు. రాత్రంతా కలిపి ఒక్కొక్కరికి మూడు గ్లాసులకు మించి లెక్క వేయకండి. విస్కీ వాళ్లకు ఒక ఫుల్ సరిగ్గా సరిపోతుంది. వైన్‌కి రెండు సీసాలు తెస్తే కొంత మిగులుతుంది. 330 మిల్లీలీటర్ల పింట్ బీర్లు ఆరు చాలు. సోడా, నీళ్లు పుష్కలంగా ఉండాలి. ఐస్ ఆరేడు కిలోలు తెప్పించండి, చాలామంది తక్కువ పడేది అక్కడే.

స్ట్రాంగ్ బీరు ఎందుకు వద్దన్నానో ఈ లెక్కలో కనిపిస్తుంది. 8 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన విస్కీ 42.8 శాతం కాబట్టి ఒక లార్జ్‌లో సుమారు 26. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్ పెగ్గులతో సమానం. 'నేను బీరే కదా తాగింది' అని బండి తాళాలు తీసేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

తాగని నలుగురికి ఒక్క కోలా సీసా పెట్టి ఊరుకోవడం మర్యాద కాదు. నన్నారి షర్బత్, అల్లం వేసిన నిమ్మ సోడా, మసాలా మజ్జిగ మంచి గ్లాసుల్లో ఇవ్వండి. గర్భిణులను, షుగర్ మందులో నిద్రమాత్రలో యాంటీబయాటిక్సో వాడుతున్నవాళ్లను 'ఒక్క పెగ్గేగా' అని బలవంతం చేయొద్దు. అసలు ఎవరినీ చేయొద్దు.

6. చల్లార్చడం, పోయడం

రెడ్ వైన్‌ను గది వేడిలో పోయాలని ఎవరైనా అంటే అది చలిదేశాల గది. రెడ్ వైన్‌కి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. మన గదుల్లో అంత చల్లదనం ఉండదు కాబట్టి పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్ల వైన్‌కి 8 నుంచి 10 డిగ్రీలు, నురుగు వైన్‌కి ఇంకొంచెం తక్కువ. తొందరగా ఉంటే బకెట్లో ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా మెడ దాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఉత్త ఐస్ కంటే నీళ్లు కలిపిన ఐస్ త్వరగా పనిచేస్తుంది, ఎందుకంటే నీళ్లు సీసాని అన్ని వైపులా తాకుతాయి.

పన్నెండు గంటలకు నురుగు వైన్ తెరిచేటప్పుడు ఊపకండి. తీగ విప్పినప్పటి నుంచి బొటనవేలు బిరడా మీదే ఉంచి, సీసా ఏటవాలుగా పట్టుకుని, బిరడా కదలకుండా సీసాని నెమ్మదిగా తిప్పండి. బిరడా మనుషుల వైపు ఉండకూడదు, కంటికి తగిలితే చూపు పోయేంత వేగం ఉంటుంది దానికి. షాంపేన్ అంటే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసిందే. పార్టీకి అంత ఖర్చు పెట్టక్కర్లేదు, నాసిక్‌లో చేసే షాండన్ బ్రూట్, సులా బ్రూట్ చక్కగా సరిపోతాయి.

7. ఇంటికి ఎలా వెళ్తారు?

ఇది పార్టీ మొదలయ్యే ముందే తేల్చండి. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంకెన్ డ్రైవ్ కిందకి వస్తుంది. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పోలీసులు ఉంటారా లేదా అన్నది పక్కన పెట్టండి, మీ ఇంట్లో తాగి బయల్దేరిన మనిషి క్షేమంగా చేరాలి. వచ్చేటప్పుడే బండి తాళాలు ఒక గిన్నెలో వేయించండి, వాళ్ల క్యాబ్ మీరే బుక్ చేయండి. డిసెంబర్ 31న క్యాబ్‌లు దొరకడం కష్టం కాబట్టి ముందు గదిలో రెండు పరుపులు వేసి ఉంచండి.

మర్నాడు మిగిలినవాటి సంగతి: విప్పిన వైన్‌కి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది, నురుగు వైన్ ఒక రోజు. విస్కీ సీసాని నిలబెట్టి, ఎండ తగలని అల్మరాలో పెడితే నెలల తరబడి ఏమీ కాదు. మూత తీసిన బీరు పారబోయండి.