పొడుగు హ్యాండిల్ క్లాంపులో జారకుండా బిగించడం ఎలా?

మేడారం తొవ్వలో గట్టమ్మ దగ్గర ఆగి, దండం పెట్టుకుని బయలుదేరాం. బండికి పన్నెండు ఇంచుల ఎత్తు హ్యాండిల్ ఎక్కించి అప్పటికి నాలుగు రోజులే. పస్రా దాకా దర్జాగా పోయింది. ఊరు దాటాక ఒక బర్రె అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా పట్టేసరికి ఒంటి బరువంతా చేతుల మీద పడింది, నాతోపాటు హ్యాండిల్ కూడా ముందుకు వంగింది. బ్రేకు లివర్ నేలచూపులు చూస్తోంది, వేళ్లకు దొరకదు. కాలి బ్రేకు పుణ్యాన బర్రె బతికింది, నేనూ బతికాను.

దాన్ని బిగించిన షాపు ఏదో ఇక్కడ అక్కర్లేదు. తప్పు వాళ్లదెంతో నాదీ అంతే. ఎందుకంటే తర్వాత వారం రోజులు నేను చేసిన వైద్యం కూడా ఒకటే: జారినప్పుడల్లా బోల్టు ఇంకో పావు చుట్టు తిప్పడం. మూడోసారికి హ్యాండిల్ రాడ్డును పైనా కిందా నుంచి పట్టి ఉంచే అల్యూమినియం క్లాంపులో మరలు పోయాయి. మర వేయించడానికి మట్టెవాడలో లేత్ పట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, రాడ్డును, క్లాంపును పక్కపక్కన పెట్టి చూసి అన్నాడు: "బోల్టు తప్పేం లేదు తమ్మీ. అది పిండుతనే ఉన్నది. నీ రాడ్డే దానికి దొరుకుతలేదు."

ఈ వ్యాసమంతా ఆ మాట చుట్టే. పొడుగు హ్యాండిల్ జారుతోందంటే చాలాసార్లు బోల్టు వదులై కాదు, క్లాంపు లోపలి గుండ్రం రాడ్డును సరిగా పట్టుకోక.

పొడుగైతే ఎందుకు జారుతుంది?

ఇరవై కిలోల బలంతో హ్యాండిల్‌ను ముందుకు నెట్టారనుకోండి. గట్టి బ్రేకుకు ఆ మాత్రం బలం తేలిగ్గా పడుతుంది. పిడి క్లాంపు నుంచి ఆరు ఇంచుల ఎత్తులో ఉంటే, క్లాంపు దగ్గర పడే తిప్పుడు బలం 30 న్యూటన్ మీటర్లు. పన్నెండు ఇంచులైతే 60. ఇక రాడ్డు మందం చూడండి: మన బండ్లలో ఎక్కువ వాటికి 22.2 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకు 11 మిల్లీమీటర్లే. అంత చిన్న గుండ్రం మీద 60 న్యూటన్ మీటర్లను ఆపాలంటే క్లాంపులు రెండూ కలిసి దాదాపు 550 కిలోల రాపిడి పుట్టించాలి. బావి గిరకకు పొడవాటి పిడి పెట్టి తిప్పినట్టే, పిడి ఎంత పొడుగైతే ఇరుసు అంత సులువుగా తిరుగుతుంది. మనకేమో ఇక్కడ ఇరుసు తిరగకూడదు.

కంపెనీ హ్యాండిల్‌కు సరిపోయిన పట్టు దీనికి సరిపోదన్నది ఇందుకే. నూనె జిడ్డు, పెయింటు పొర, పావు మిల్లీమీటరు సైజు తేడా, కురచ హ్యాండిల్‌కు ఇవేవీ లెక్కలోకి రావు. పొడుగు హ్యాండిల్‌కు ఒక్కొక్కటీ లెక్కే.

మొదట, తిరుగుతున్నది ఏదో కనిపెట్టండి

పానా పట్టకముందే తెల్ల పెయింటు మార్కర్ తీసుకోండి. లేకపోతే గోళ్ల రంగు చాలు. రాడ్డు మీద నుంచి క్లాంపు మీదికి అడ్డంగా ఒకే గీత గీయండి. అలాంటిదే ఇంకో గీత క్లాంపు కింది రైజర్ (హ్యాండిల్‌ను ఎత్తి నిలిపే దిమ్మ) నుంచి దాని కింద ఉండే పై టీ (ముందు ఫోర్కులను పైన కలిపి పట్టే పలక) మీదికి గీయండి. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని, పిడులను రెండు చేతులా ముందుకూ వెనక్కూ ఊపండి.

పై గీత తెగిందా? రాడ్డు క్లాంపులో జారుతోంది. పై గీత తెగకుండా హ్యాండిల్ మాత్రం ఊగుతోందా? అప్పుడు తప్పు రైజర్‌ది. కొన్ని క్రూయిజర్ బండ్లలో రైజర్ అడుగున రబ్బరు బుష్‌లుంటాయి. పొడుగు హ్యాండిల్ ఊపుకు అవి నలిగిపోతాయి. బుష్‌లు మార్చి, కింది నట్లు బిగించాలి గానీ పై బోల్టులను ఎంత పిండినా ఉపయోగం లేదు. నాకు తెలిసిన ఒకాయన ఈ గీత గీయకుండా రెండు జతల క్లాంపులు కొన్నాడు. చివరికి పోయింది రబ్బరు బుష్.

విప్పి చూడండి

ట్యాంకు మీద పాత దుప్పటి పరవండి. ఇది మరిచిపోతే పెయింటు మీద గీత ఖాయం. నాలుగు బోల్టులూ కొంచెం కొంచెంగా వదులు చేసి పై క్లాంపులు తీయండి. రాడ్డును మెల్లగా ముందుకు వాల్చండి. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేకు పైపు మీద బరువు పడనివ్వకండి.

ఇప్పుడు క్లాంపు లోపల వేలుతో తుడవండి. నల్లటి, బూడిద రంగు ముద్ద అంటుకుంటే అది మట్టి కాదు, అరిగిన అల్యూమినియం. అంటే రాడ్డు రోజూ సన్నసన్నగా కదులుతూనే ఉంది, మీకు తెలిసింది మాత్రం బర్రె అడ్డం వచ్చిన రోజు. ఎక్కడ మెరుస్తోందో కూడా చూడండి. క్లాంపు గుండ్రమంతా ఒకే తీరుగా మెరిస్తే పట్టు బాగుంది. రెండు అంచుల్లోనో, మధ్యలో సన్నటి గీతలానో మెరిస్తే రాడ్డు, క్లాంపు సైజులు కలవలేదని అర్థం. లేత్ పెద్దాయన చూసింది ఇదే.

వెర్నియర్ క్యాలిపర్‌తో రాడ్డును కొలవండి, క్లాంపు పట్టే చోటే కొలవాలి. హ్యాండిల్ రాడ్డుల్లో మూడు సైజులు ఎక్కువగా కనిపిస్తాయి: 22.2 మి.మీ., కొన్ని పెద్ద క్రూయిజర్లకు వాడే 25.4, మధ్యలో లావుగా ఉండి చివరలకు సన్నబడే వాటిలో 28.6. చౌక రాడ్డు మీద 22 అని రాసి ఉన్నా, కొలిస్తే 21.8 తగలొచ్చు. 25.4 క్లాంపులో 22.2 రాడ్డు పెట్టి వదులును ఏదో ఒకటి కుక్కి పూడ్చిన బండ్లు కూడా చూశాను. అక్కడ చీలిక ఉన్న సరైన లోహపు బుష్ వేయాలి, లేదా క్లాంపు మార్చాలి. మధ్యేమార్గం లేదు.

నర్లింగ్ సంగతి

మంచి రాడ్డుకు క్లాంపు పట్టేచోట గరుకు గీతలు కొట్టి ఉంటాయి. లేత్ వాళ్లు దాన్ని నర్లింగ్ అంటారు. ఆ పళ్లు క్లాంపు లోహంలోకి కొరికి పట్టుకుంటాయి. రెండు చిక్కులు ఇక్కడే వస్తాయి.

ఒకటి, నర్లింగ్ క్లాంపు కింద లేకపోవడం. కొత్త రైజర్ల మధ్య దూరం ఎక్కువైతే గరుకు భాగం లోపలి వైపే ఉండిపోతుంది, క్లాంపు నున్నటి రాడ్డును పడుతుంది. రెండోది, నల్ల పౌడర్ కోటింగ్. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ పళ్ల సందులన్నీ పూడుకుపోతాయి. నా రాడ్డు అదే రకం. గోరుతో గీకితే సందుల్లోంచి నల్లటి పొర సన్నటి దారంలా ఊడొచ్చింది. క్లాంపు పట్టేంత మేర మాత్రమే, ఇనుప బ్రష్షుతో పళ్ల మధ్య పొర తీసేయండి. బయటికి కనిపించే చోట తీయకండి, వానాకాలంలో తుప్పు పట్టేది అక్కడే. నర్లింగ్ అసలే లేని నున్నటి క్రోమ్ రాడ్డయితే, లేత్ షాపులో క్లాంపు మేర వేయించుకోవడం నయం.

జిడ్డు తీయండి, బిగించండి

రాడ్డు, క్లాంపు లోపలి భాగం రెండూ థిన్నర్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. పెట్రోలు పనికొస్తుంది గానీ దాని జిడ్డు కొంచెం మిగులుతుంది. తుడిచాక చేత్తో ముట్టకండి. కొత్త హ్యాండిల్‌కు తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అదీ పోవాలి.

హ్యాండిల్‌ను దాని స్థానంలో పెట్టి, ఎత్తు భాగం దాదాపు ముందు ఫోర్కుల వాలులోనే ఉండేట్టు చూడండి. బాగా వెనక్కి వాల్చితే గుంతలో పడ్డ ప్రతిసారీ చేతుల బరువు దాన్ని ఇంకా వెనక్కి తిప్పుతుంది. ఫొటోల కోసం వాల్చే అలవాటు ఉంది కొందరికి, ఆ ఫొటో తర్వాత తిరిగి బండి నడిపి ఇంటికి రావాలి కదా.

బోల్టులు నాలుగూ ముందు చేత్తో తిప్పి, తర్వాత అలెన్ కీతో కొంచెం కొంచెంగా బిగించండి. పై క్లాంపు మీద చిన్న చుక్క గుర్తు ఉంటే అది ఎటు ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని బండ్లకు ముందు వైపు సందు పూర్తిగా మూసి, వెనక సందు మిగల్చాలి. కొన్నింటికి రెండు వైపులా సమానంగా సందు ఉండాలి. మీ బండిది ఏ పద్ధతో చూసి అదే పాటించండి. ఏ పద్ధతిలోనైనా ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: బిగించాక ముందూ వెనకా రెండు సందులూ పూర్తిగా మూసుకుపోతే ఆ క్లాంపు ఇక పిండేది తన కింది ముక్కనే, రాడ్డును కాదు. ఆ తర్వాత మీరు పెట్టే బలమంతా మరల మీదికే పోతుంది. నా మరలు అలాగే పోయాయి.

ఎంత బిగించాలి? మాన్యువల్లో రాసిన అంకె ఉంటే అదే చివరి మాట. 8 మి.మీ. బోల్టు ఉన్న క్లాంపులకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 6 మి.మీ. అయితే 10 దరిదాపుల్లో. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ అందరికీ ఉండదు. నా ఉపాయం: 20 సెంటీమీటర్ల పొడవు రెంచి చివరకు లగేజీ తూచే చేతి తూనిక కొక్కెం తగిలించి, రెంచికి సరిగ్గా 90 డిగ్రీల కోణంలో లాగడం. తూనిక 10 కిలోలు చూపితే 20 న్యూటన్ మీటర్లు, 12 కిలోలు దాటితే 25 దగ్గర. కొక్కెం రెంచి చివరనే ఉండాలి, కోణం సరిగ్గా ఉండాలి, అంతే. రెండు వైపులా సమాన సందు ఉండే పద్ధతైతే ఎడమ ముందు, కుడి వెనక, ఇలా మార్చి మార్చి మూడు విడతల్లో ఆ అంకెకు చేరండి. ఒక పక్కను ఒకేసారి పూర్తిగా బిగిస్తే రెండో క్లాంపు వంకరగా పట్టుకుంటుంది.

మరలకు పూసే లాకింగ్ జిగురు గురించి ఒక మాట. అది అదురుకు బోల్టు ఊడకుండా ఆపుతుంది, రాడ్డు జారకుండా ఆపదు. రెండూ వేర్వేరు రోగాలు.

అయినా జారితే

గీతలు మళ్లీ గీసి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా అయిదు కిలోమీటర్లు నడిపి, రెండుమూడు సార్లు బ్రేకు పట్టి చూడండి. గీత కదిలితే ఇవి, ఈ వరుసలోనే.

ఇంజిన్ వాల్వులను అరగదీసి సరిచేసే గరుకు పేస్టు మెకానిక్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని బియ్యపు గింజంత తీసుకుని, రాడ్డు మీద క్లాంపు మేర పలచగా పూయండి. అందులోని పదునైన గింజలు రెండు లోహాల మధ్య గుచ్చుకుని జారనివ్వవు. మరల్లోకి మాత్రం పోనివ్వకండి. నా బండికి చివరికి పని చేసింది ఇదే, పౌడర్ కోటింగ్ తీసిన తర్వాత.

రాడ్డు కొంచెం సన్నగా ఉంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు దారిలో అక్కరకొస్తుంది. అది మిల్లీమీటరులో పదో వంతు మందం. క్లాంపు వెడల్పుకు కత్తిరించి, ఒకే పొర, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టండి. ఇల్లు చేరే దాకా చాలు, అదే మందు అనుకోవద్దు. సైకిల్ ట్యూబు ముక్క మాత్రం పెట్టకండి. చేతికి గట్టిగా తగులుతుంది గానీ రబ్బరు బిగింపు కింద మెల్లగా పాకి బయటికొస్తుంది, రెండు రోజులకే బోల్టు వదులైనట్టుంటుంది.

ఇంకా జారితే విడివిడి పై క్లాంపుల బదులు రెండింటినీ కలిపే ఒకే పట్టీ ఉన్న, వెడల్పాటి క్లాంపు తీసుకోండి. అదీ చాలకపోతే హ్యాండిల్ ఎత్తు తగ్గించుకోవడమే. పది ఇంచులకు దిగితే క్లాంపు మీద భారం ఆరో వంతు తగ్గుతుంది.

రాడ్డుకు, క్లాంపుకు కలిపి వెల్డింగ్ చుక్క పెట్టించడం, రాడ్డుకు రంధ్రం వేసి పిన్ను దిగ్గొట్టడం, ఈ రెండింటికీ ఎవరు ఎంత ధైర్యం చెప్పినా వినకండి. జారే హ్యాండిల్ ముందే చెప్పి జారుతుంది. వెల్డింగ్ పక్కన లోహం పెళుసెక్కితే అది చెప్పకుండా విరుగుతుంది.

బోల్టులను 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, తర్వాత నెలకోసారి తూనికతో పరీక్షించండి. కొత్త పెయింటు, కొత్త లోహం మొదట్లో కొంచెం కుంగుతాయి. బండిని లారీలోనో, కాజీపేటలో రైలుకో ఎక్కిస్తే తాళ్లు హ్యాండిల్‌కు కట్టనివ్వకండి, కింది టీ దగ్గర కట్టమనండి. పార్కింగులో బండ్లు సర్దేవాళ్లు పిడి పట్టి వెనక్కి లాగుతారు, పొడుగు హ్యాండిల్‌కు అదీ దెబ్బే. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక వైపు, తర్వాత రెండో వైపు తిప్పి చూడండి: ఏ వైరైనా బిగుసుకుంటే, ఇంజిన్ దానంతటదే లేస్తే, వైరు పొడవు చాలలేదని అర్థం.

చట్టం మాట కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. ఎత్తు పెంచే ముందు ఆర్టీఓ ఆఫీసులో ఒకసారి అడగండి. పాత హ్యాండిల్ మాత్రం పారేయకండి. నాది ఇంకా అటక మీదే ఉంది.